ఇంటి డప్పు నుంచి కంప్యూటరు సంగీతం వరకు

సంగీతాన్ని గురించి వ్రాయడానికి నేను విద్వాంసుణ్ణి కాను. మారిషస్‌లో ముప్పయ్యేళ్ళు పిల్లలకు లెక్కలు చెప్పినవాణ్ణి. తెలుగు కూడా నాకు ఉగ్గుపాలతో అబ్బినది కాదు. ఊరి బైఠకాలో సాయంకాలపు తరగతులలో పట్టుబడినది. కనుక ఈ వ్యాసంలో రాగశాస్త్రం దొరకదు. ఒక సామాన్య శ్రోత విన్నదీ, విని అనుకున్నదీ దొరుకుతుంది.

ప్రస్తుతం ఐర్లండులో నేస్ అనే పట్టణంలో మా అమ్మాయి ఇంట ఉంటున్నాను. ఇది డబ్లిన్‌కు నైరుతి దిక్కున, కిల్డేర్ కౌంటీలో ఉన్నది. ఐరిష్ భాషలో దీని పూర్తి పేరుకు రాజుల సభాస్థలమని అర్థం. ఇప్పుడు రాజులు లేరు గాని, వాన మాత్రం తరచుగా సభ తీరుస్తుంది.

పక్కింటి పెద్దాయన వృత్తిరీత్యా వడ్రంగి. సంగీతం ఆయనకు తీరికవేళ ముచ్చట. పదిహేనో ఏట పాత జల్లెడ చట్రానికి మేకతోలు బిగించి తొలి వాద్యం తానే చేసుకున్నాడట. దాన్ని ఇక్కడ బౌరాన్ అంటారు. గింజలు చెరిగే తోలు చేట నుంచి అది పుట్టిందని చెప్పేవారున్నారు. 1960ల్లో షాన్ ఓ రియాడా అనే సంగీతకర్త తన బృందంలో చేర్చి కచేరీ వేదిక ఎక్కించేవరకు దానికి పెద్దగా మర్యాద లేదు. చూడగానే నాకు మన ద్వీపపు రావాన్ గుర్తుకు వచ్చింది. ఆ వెనుకనే మన పూర్వులు విడిచి వచ్చిన ఆంధ్రదేశపు డప్పు. మూడూ కొయ్య చట్రానికి బిగించిన మేకతోలే. మూడూ చెమ్మ తగిలితే గొంతు పోగొట్టుకునేవే. డప్పునూ రావాన్‌నూ మంట దగ్గర కాచి బిగువు తెస్తారు. పెద్దాయన కూడా వానరోజున బౌరాన్‌ను పొయ్యి దగ్గర నిలబెడతాడు. బిగువు మితిమీరితే వెనుకనుంచి కాస్త నీటి తడి అద్దుతాడు. మేకతోలు సముద్రాలు దాటినా స్వభావం మార్చుకోలేదన్నమాట.

ఇటీవల ఆయన కంప్యూటరు ముందు కూర్చుంటున్నాడు. మొన్న ఒక సాయంకాలం నన్ను పిలిచి తాను కూర్చిన రెండు పాటలు వినిపించాడు. మొదటిదానిలో తాళం కంప్యూటరులో సిద్ధంగా దొరికినదే. ఎక్కడా తప్పు లేదు. మొదటి దెబ్బ ఎంతో నూరో దెబ్బా అంతే. మూడు నిమిషాలు విన్నాక నా చెవి ఇక వినడం మానేసింది. రెండవదానిలో ఆయన తన బౌరాన్‌నే ఒక్కొక్క దెబ్బగా రికార్డు చేసుకొని, ఆ దెబ్బలను ఒక్కొక్కటిగా తన ఇష్టం వచ్చిన చోట పేర్చాడు. ఒక దెబ్బ తడి తోలుది, ఒకటి కాగిన తోలుది. నడుమ నడుమ చట్రం కిర్రుమన్న చప్పుడు కూడా తీసివేయలేదు. దీనిలో తప్పులు లేకపోలేదు. చివరి భాగం అనవసరంగా సాగింది, ఆ మాట ఆయనతోనే అన్నాను. అయినా అది ఆయన పాట. రెండూ ఒకే యంత్రంలో పుట్టాయి. కాబట్టి యంత్రాన్ని నిందించి లాభం లేదు.

కంప్యూటరు చేత సంగీతం పలికించినవారిలో అగ్రగణ్యుడు కూడా తీరికవేళ వాయించుకునేవాడే కావడం నాకు ఎంతో నచ్చిన సంగతి. అమెరికాలో బెల్ పరిశోధనాలయపు ఇంజనీరు మాక్స్ మాథ్యూస్ (1926-2011) సరదాకు వయొలిన్ వాయించేవాడు. 1957లో ఆయన వ్రాసిన మ్యూజిక్ అనే ప్రోగ్రాము ఐబీఎం 704 యంత్రం మీద నడిచింది. యంత్రం న్యూయార్కులో, దాని అంకెలను ధ్వనిగా మార్చే సాధనం న్యూజెర్సీలో. అంకెల టేపును అక్కడికి మోసుకుపోయి వినవలసి వచ్చేది. ధ్వని తరంగపు ఎత్తును క్షణంలో వేలసార్లు అంకెగా వ్రాస్తే, ఆ అంకెల నుంచి మళ్ళీ ధ్వని పుడుతుందన్నది సూత్రం. మన ఇళ్ళలోని సీడీలో అటువంటి అంకెలు సెకనుకు 44,100. లెక్కల మాస్టారికి ఇంతకంటె సంతోషం ఏముంటుంది!

కాని ఫలితం? న్యూమన్ గట్మన్ కూర్చిన ఆ తొలి రచన పదిహేడు సెకన్లు. విన్నాను. చరిత్రగా గొప్పదే గాని సంగీతంగా అది నీరసం. స్వరాలలో ఒత్తు లేదు, ఊపిరి లేదు. మాథ్యూస్ అక్కడితో ఆగిపోయి ఉంటే నేను ఇది వ్రాసేవాణ్ణి కాను. ఆయన తరువాత సొంతంగా ఎలక్ట్రానిక్ వయొలిన్లు తయారుచేశాడు. 1980ల్లో, బాబ్ బోయ్ నిర్మించిన పరికరం ఆధారంగా, రేడియో బాటన్ అనే వాద్యాన్ని పెంచి పోషించాడు. వాద్యగాడు రెండు చేతులా రెండు పుల్లలు పట్టి ఒక పలక మీద ఆడిస్తాడు. ఏ స్వరం తరువాత ఏ స్వరమో కంప్యూటరు జ్ఞాపకం పెట్టుకుంటుంది. ఎప్పుడు పలకాలో, ఎంత గట్టిగా పలకాలో చెయ్యి చెబుతుంది. అంకెలతో బయలుదేరిన మనిషి సుమారు ముప్పయ్యేళ్ళు నడిచి రెండు పుల్లల దగ్గరికి వచ్చాడు. మన డప్పుకూ రెండు పుల్లలే కదా, సిర్రా, సిటికెన పుల్లా!

ఇదంతా ఎందుకు ఎత్తుకున్నానంటే మన రామభజన కోసం. దీపం చుట్టూ తిరుగుతూ పాడేటప్పుడు మృదంగం పట్టినవాడు ఆడేవారి పాదాలను చూస్తూ వాయించేవాడు. ముసలివారు అలసితే కాలం తగ్గించేవాడు. కుర్రవాళ్ళు ఊపందుకుంటే తానూ అందుకునేవాడు. నిరుడు మా ఊళ్ళో కీబోర్డు పెట్టారు. మీట నొక్కగానే తాళం మొదలయింది. నొక్కిన అబ్బాయి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఆ యంత్రం ఎవరి పాదాలూ చూడలేదు. మా పాదాలే దాని వెంట పరుగెత్తాయి. మృదంగం మూలన ఉన్నది. ఖర్చు తక్కువ, వాయించేవారు దొరకరు అని పెద్దలు చెప్పే మాటలో నిజం ఉన్నది. అయితే ఆ అబ్బాయికి మృదంగపు దెబ్బలను రికార్డు చేసి, తానే పేర్చడం నేర్పమని నా మనవి. ఒక్క దెబ్బ రికార్డు చేయాలన్నా ఎవరో ఒకరు మృదంగాన్ని మూలనుంచి తీయవలసిందే, శ్రుతి చేయవలసిందే.

పెద్దాయనకు మన మారావాన్ సంగతి చెప్పాను. చెరకు వెన్నుల కాడలను పలుచని పెట్టెగా కట్టి, లోపల గింజలు పోసి ఊపుతారంటే, ఏ గింజలు, ఎన్ని, పెట్టె ఎంత మందం అని అడిగాడు. నేను తడబడ్డాను. పదేళ్ళ వయసులో అన్నయ్య చేస్తుంటే చూశానేగాని చేతితో కట్టినవాణ్ణి కాను. ఈసారి చెరకు వెన్ను వేసే కాలానికి ఇంటికి చేరుతాను. అన్నయ్య చేతులు ఇప్పుడు వణుకుతున్నాయి. అయినా పక్కన కూర్చుని చెబుతానన్నాడు.