పేగు దాకా రాని సాహిత్యం

రాన్ కోవిక్ ‘బోర్న్ ఆన్ ద ఫోర్త్ ఆఫ్ జులై’ 1976లో వచ్చింది. దాన్ని టామ్ క్రూజ్ సినిమాగా (1989) చూసినవాళ్ళే మనలో ఎక్కువ. సినిమా చూసినవాళ్ళకి న్యూయార్క్‌లో బ్రాంక్స్ మాజీ సైనికుల ఆసుపత్రి, అందులో తిరిగే ఎలుకలు గుర్తుంటాయి. పుస్తకం చదివినవాళ్ళకి ఎనిమా గది గుర్తుంటుంది. 1968 జనవరిలో వియత్నాంలో తూటా దిగి, ఛాతీ నుంచి కిందకి చచ్చుబడిపోయిన 21 ఏళ్ళ కుర్రాడు తనలాంటి మరికొందరితో పాటు వరసగా పడుకుని ఉంటాడు. పేగు తన మాట వినదు. దాన్ని ఇంకెవరో వచ్చి ఖాళీ చెయ్యాలి. అక్కడ బూతు లేదు, జాలి పుట్టించే ప్రయత్నమూ లేదు. ఫ్యాక్టరీలో పని జరిగినట్టు జరిగిపోతుంది. దేశం కోసం వెళ్ళినవాడికి దేశం ఇచ్చిన మర్యాద ఇదీ అని కోవిక్ వేరే చెప్పక్కర్లేకపోయింది.

మాజీ సైనికుల ఆసుపత్రి మీద వచ్చిన రచనల్లో పేగు ఇంత సూటిగా కనపడిన చోటు నాకింకోటి తెలీదు. ఆ తర్వాత వచ్చినవాళ్ళు ఈ దారిలో నడవలేదు. 1992లో ‘ఆర్టికల్ 99’ అని ఒక సినిమా వచ్చింది, రే లియోటా, కీఫర్ సదర్లాండ్ నటించారు. మాజీ సైనికుడికి వైద్యం హక్కే, కానీ ఆ జబ్బు సైన్యంలో పని చెయ్యడం వల్లే వచ్చిందని రుజువు లేకపోతే కుదరదు అనే ఒక కల్పిత నిబంధన దాని పేరు. ఆలోచన మంచిదే. సినిమా మాత్రం మామూలే: మంచి డాక్టర్లు, చెడ్డ అధికారి, దొంగతనంగా చేసే గుండె ఆపరేషన్లు. గుండె అయితే తెర మీద బావుంటుంది కదా.

పేగుకి దక్కిన ఇంకో చోటు హాస్యం. సామ్యుయెల్ షెమ్ ‘ద హౌస్ ఆఫ్ గాడ్’ (1978) తెలియని మెడికల్ విద్యార్థి ఉండడు. అందులో ఫ్యాట్ మ్యాన్ అనే సీనియర్ రెసిడెంట్ ఉన్నాడు. నవల మొత్తంలో తెలివైనవాడు, బతుకు తెలిసినవాడు వాడే. వీలైనంత వరకు ఏమీ చెయ్యకపోవడమే మంచి వైద్యం అని కుర్ర డాక్టర్లకి నేర్పిస్తాడు. అలాంటివాడు చివరికి ఎంచుకున్నది గ్యాస్ట్రోఎంటరాలజీ. ఎందుకంటే హాలీవుడ్‌కి పోయి సినిమా తారల పేగులు చూస్తూ డబ్బు సంపాదించడానికి! షెమ్ దాన్ని జోక్‌గానే రాశాడు, మనమూ నవ్వుతాం. కానీ నవ్వు ఆగాక గమనిస్తే, ఆ నవల చూపించిన క్రూరత్వానికి మూలం కూడా ఆ నవ్వులోనే ఉంది. ముసలి శరీరం, కారే శరీరం, కంపు కొట్టే శరీరం అంటే కుర్ర డాక్టరుకి భయం. ఆ భయాన్ని దాచుకోడానికి జోకు వేస్తాడు. షెమ్‌కి ఇది తెలుసు. ఆయన్ని అనుకరించిన వెబ్ సిరీస్‌ల వాళ్ళకి తెలుసో లేదో నేను చెప్పలేను.

ఒకచోట అవమానం, ఇంకోచోట జోకు. ఈ రెంటికీ మధ్య ఉన్న పని గురించి ఎవరూ ఎందుకు రాయలేదు? వి.ఎ. అని అందరూ పిలిచే అమెరికా మాజీ సైనికుల ఆసుపత్రుల్లో ఒక గ్యాస్ట్రోఎంటరాలజీ టీమ్‌ని నడిపే మనిషి రోజూ చేసే పని సంగతి నేనంటున్నది.

ఆ పని గొప్పతనం గురించి ముందు ఒక లెక్క. 2000 సంవత్సరంలో ‘న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్’లో పోర్ట్‌లాండ్ వి.ఎ.కి చెందిన డేవిడ్ లీబర్మన్ బృందం ఒక అధ్యయనం వేసింది. 13 వి.ఎ. ఆసుపత్రుల్లో, ఏ లక్షణమూ లేని 3,121 మందికి కొలనోస్కోపీ చేశారు. దాదాపు 97 శాతం మగవాళ్ళు. అప్పటిదాకా చాలా చోట్ల పెద్దపేగు కింది భాగం మాత్రమే చూసి, బావుంది, ఇంటికెళ్ళు అనేవారు. పై భాగంలో ప్రమాదకరమైన గడ్డలున్నవాళ్ళని విడిగా తీసి చూస్తే, వాళ్ళలో సగం మందికి పైగా కింది భాగంలో అడినోమా రకం గడ్డ ఏదీ లేదు. సగం దూరమే చూసి వదిలేసి ఉంటే వీళ్ళు కనపడేవాళ్ళే కాదు. స్క్రీనింగ్ పద్ధతి మారడంలో ఈ మాజీ సైనికుల పేగులకి పెద్ద వాటా ఉంది. దీని మీద సినిమా లేదు, నవల లేదు.

ఉండకపోవడానికి కారణం కూడా సులువుగానే అర్థమవుతుంది. పాలిప్ తీసేస్తే ఏం జరుగుతుంది? ఏమీ జరగదు. పదేళ్ళ తర్వాత రావాల్సిన క్యాన్సర్ రాదు. ఆ మనిషికి తను బతికిపోయిన సంగతే తెలీదు. కథకి ఏదో ఒకటి జరగాలి, ఈ వైద్యానికి ఏమీ జరగకూడదు. ఫ్యాట్ మ్యాన్ చెప్పిన ‘ఏమీ చెయ్యకపోవడం’ వేరు, ‘ఏమీ జరక్కుండా చూడటం’ వేరు. మొదటిదాని మీద అరవై పేజీలు నవ్వుతూ రాయొచ్చు. రెండోదానికి ఏళ్ళ తరబడి ఒక జాబితా పట్టుకుని కూర్చోవాలి.

ఆ జాబితాలోనే నాటకం ఉందని నా వాదన. ఇంటికి పంపిన మలపరీక్ష కిట్‌లో రక్తం ఆనవాలు కనపడినవాళ్ళెవరు, వాళ్ళలో కొలనోస్కోపీకి రానివాళ్ళెవరు? ఎవరికి మూడేళ్ళలో మళ్ళీ చూడాలి, ఎవరి అడ్రస్ మారిపోయింది? టీమ్‌లో ఒక్కో డాక్టరు వందమందిని చూస్తే ఎంతమందిలో పాలిప్‌లు కనిపెట్టాడో కూడా లెక్కేస్తారు. 2015 నాటి అమెరికా ప్రమాణం ప్రకారం స్క్రీనింగుకి వచ్చిన మగవాళ్ళలో కనీసం 30 శాతం. అది ఉత్త ఆఫీసు అంకె అనుకోకండి. 2014లో కాలిఫోర్నియా రోగుల మీద వచ్చిన అధ్యయనంలో, డాక్టరు కనిపెట్టే శాతం ఒకటి పెరిగినప్పుడల్లా ఆ రోగులకి తర్వాత క్యాన్సర్ వచ్చే అవకాశం మూడు శాతం తక్కువగా కనపడింది. ఇప్పుడు ఊహించండి: పాతికేళ్ళ అనుభవం ఉన్న, తనకి పని నేర్పిన పెద్దాయన అంకె తక్కువొచ్చింది. ఆయన గొట్టాన్ని తొందరగా వెనక్కి లాగేస్తున్నాడు. ఆ గదిలోకి వెళ్ళి తలుపేసి ఆయనకి ఆ మాట చెప్పాల్సింది టీమ్ పెద్ద. చెప్తే స్నేహం పోతుంది. చెప్పకపోతే ముక్కూ మొహం తెలియని ఎవడో ఒకడు పోతాడు, ఎవడో ఎప్పటికీ తెలీదు. చెఖోవ్‌కి ఈ గది దొరికుంటే వదిలేవాడా?

చెడ్డ రోజు కూడా ఈ పనిలో పెద్దగా చప్పుడు చెయ్యదు. టెనెసీ రాష్ట్రం మర్ఫ్రీస్‌బరో వి.ఎ.లో కొలనోస్కోపీ పరికరానికి తగిలించే నీటి గొట్టానికి ఉండాల్సిన వాల్వ్ కాక వేరేది ఉందని 2008 డిసెంబరులో బయటపడింది. ఒకరి నుంచి ఇంకొకరికి మురికి చేరే అవకాశం ఉంది. మయామీలో గొట్టాల శుభ్రత సరిగ్గా లేదని, అగస్టాలో గొంతు, ముక్కు చూసే పరికరాల్లో ఇంకో లోపం ఉందని తేలింది. అంతా కలిపి 10 వేల మందికి పైగా మాజీ సైనికులకి ఉత్తరాలు వెళ్ళాయి, హెచ్.ఐ.వి., హెపటైటిస్ పరీక్షలు చేయించుకోండని. మరుసటి ఏడు ఆకస్మిక తనిఖీలు చేస్తే, పరికరాలు కడిగే పద్ధతి, శిక్షణ సరిగ్గా ఉన్న ఆసుపత్రులు సగం కూడా లేవు. ఒక చిన్న వాల్వ్, ఒక బ్రష్, తక్కువ జీతానికి గొట్టాలు కడిగే ఒక ఉద్యోగి. టీమ్ అంటే డాక్టరే అనుకునేవాళ్ళు ఈ సంఘటన గురించి చదవాలి.

జాబితాతో సాహిత్యం కుదరదు అనేవాళ్ళకి నా దగ్గర ఒక జవాబుంది, అబ్రహాం వర్గీస్ ‘మై ఓన్ కంట్రీ’ (1994). ఇథియోపియాలో పుట్టి, మద్రాసులో చదివి, టెనెసీ కొండల్లో జాన్సన్ సిటీ చేరి, అక్కడి వి.ఎ.లోనూ ఊరి ఆసుపత్రిలోనూ పనిచేశాడు. ఆయనది పేగుల శాఖ కాదు, అంటువ్యాధులు. ఎయిడ్స్ రోగులు అంత చిన్న ఊళ్ళో ఎందుకు పెరుగుతున్నారో అర్థంకాక, ఒకరోజు అమెరికా మ్యాపు పరిచి, వాళ్ళిప్పుడు ఎక్కడున్నారో, అంతకు ముందు ఎక్కడ బతికారో గుర్తులు పెడతాడు. పెద్ద నగరాలకి పారిపోయిన పిల్లలు చావడానికి ఇంటికొస్తున్నారని ఆ గుర్తులు చెప్తాయి. ఆ పుస్తకంలో నన్ను ఎక్కువ కదిలించిన పేజీలవి. ఒక్క రోగి మంచం పక్కన కూర్చుని రాసిన పేజీల కంటే కూడా. అంకెల్లోంచి మనుషులు లేచి రావడం అంటే అదీ.

మన భాష సంగతి చూస్తే కొంచెం చిత్రంగా ఉంటుంది. కడుపు లేకుండా తెలుగులో బాధ చెప్పుకోలేం. కడుపుకోత, కడుపుమంట, కడుపుతీపి, పేగుబంధం. ఆకలి మీద మనకున్నన్ని కథలు ఇంకెవరికున్నాయి? కానీ అన్నం లోపలికి వెళ్ళేదాకానే మన సాహిత్యం వెంట వస్తుంది. తర్వాత మొహం తిప్పుకుంటుంది. మొహం తిప్పుకోవడం పుస్తకాల్లోనే ఆగదు. విరేచనంలో రక్తం పడితే ‘మొలలే, వేడి చేసింది’ అని మజ్జిగ తాగి ఏడాది గడిపేసే నాన్నలు, మావయ్యలు లేని ఇల్లు మనలో ఎంతమందికుంది? ఇంట్లో ఆడవాళ్ళైతే ఆ మాట కూడా అనరు. ఇక వి.ఎ.ల్లో పనిచేస్తున్న తెలుగు డాక్టర్లు తక్కువేం కాదు. అమెరికా తెలుగు కథల్లో సాఫ్ట్‌వేర్ ఆఫీసు తెలుసు, హెచ్1బి తెలుసు, ఇండియాలో అమ్మ ఫోను తెలుసు. గుంటూరులోనో వరంగల్లోనో చదివి వెళ్ళి, వియత్నాం ముసలివాడి పక్కన నిలబడి, ‘ఎడమవైపు తిరిగి పడుకోండి’ అని చెప్పే మనిషి, నేను చదివినంతలో, ఇంకా కనపడలేదు.

సైన్యంలో ఉండగా లైంగిక హింసకి గురైన స్త్రీలుంటారు. అలా పడుకోమని చెప్పడమే వాళ్ళకి ఎంత కష్టమో, గదిలో ఎవరుండాలో, మత్తు ఎంతివ్వాలో ముందే అడిగి తెలుసుకునే పద్ధతి ఒకరు కూర్చుని తయారుచెయ్యాలి. యుద్ధం కలలు ఇంకా వదలని మనిషి మత్తులోంచి లేస్తూ చెయ్యి విసురుతాడు, పక్కనున్న నర్సుకి ఆ సంగతి ముందే తెలిసుండాలి. కోవిక్ గదిలో ఏవి లేవో అవన్నీ ఇలా ఒక్కొక్కటిగా చేరుస్తూ పోవాలి.

2012లో మొదలైన ‘కన్ఫర్మ్’ అనే వి.ఎ. అధ్యయనంలో 50 వేల మంది చేరారు. సగం మందికి కొలనోస్కోపీ, సగం మందికి ఏటేటా ఇంటి దగ్గరే చేసుకునే మలపరీక్ష. ఏది ఎక్కువ ప్రాణాలు కాపాడుతుందో పదేళ్ళు చూస్తారు. నాకైతే ఆ ఫలితం కంటే కొలనోస్కోపీకి ముందు అడిగే ఒక ప్రశ్న మీద ఆసక్తి. మత్తు ఇస్తారు కాబట్టి ఒంటరిగా కారు నడుపుకుంటూ వెళ్ళనివ్వరు, ఇంటికి తీసుకెళ్ళడానికి ఎవరో ఒకరు రావాలి. అందుకని అపాయింట్‌మెంట్ ఇచ్చేటప్పుడే ఫోన్లో అడుగుతారు, మీ వెంట ఎవరొస్తారని. భార్య పోయి, పిల్లలతో మాటల్లేక, వంద మైళ్ళ అవతల ట్రైలర్‌లో ఒక్కడే ఉండేవాడు కాసేపు ఆగి, మళ్ళీ చేస్తానని ఫోన్ పెట్టేస్తాడు. జాబితాలో అతని పేరు పక్కన ‘రద్దు’ అని పడుతుంది. మరుసటి వారం ఆ పేరు చూసి, మళ్ళీ ఫోన్ చెయ్యమని నర్సుకి చెప్పేది టీమ్ పెద్దే.