చెమట మంచుగా మారిన కథ: ఒక యాత్రాగ్రంథ పరిశీలన

దక్షిణ ధ్రువ ప్రాంతపు యాత్రలను గురించి వెలువడిన పుస్తకములలో ఆప్స్‌లీ చెర్రీ-గారార్డ్ 1922లో ప్రచురించిన 'ది వరస్ట్ జర్నీ ఇన్ ది వరల్డ్'కు ప్రత్యేక స్థానమున్నది. 'ప్రపంచములోకెల్లా ఘోరమైన ప్రయాణము' అని ఆ పేరునకు అర్థము. కెప్టెన్ స్కాట్ నలుగురు సహచరులతో ధ్రువమును చేరి, 1912లో తిరుగుదారిలో ఆ నలుగురితో సహా మరణించిన వృత్తాంతము ఇందులో ఉన్నది. అయినను పేరు ఆ యాత్రకు పెట్టినది కాదు. అంతకు ముందు, 1911 శీతకాలములో, పెంగ్విన్ గుడ్ల కొరకు ముగ్గురు మనుష్యులు చేసిన ఐదు వారముల ప్రయాణమునకు పెట్టినది.

ఈ పుస్తకమును సాహసగాథగా చదువుట అందరికీ అలవాటు. పాఠశాలలలో చెప్పేటప్పుడు కూడా ధైర్యము, స్నేహము, సహనము అనే మాటలతోనే ముగిస్తాము. అవి ఉన్నమాట నిజమే. కాని భౌతికశాస్త్రము చెప్పే ఉపాధ్యాయుడు చదివితే ఇందులో అసలు పాత్ర వేరొకటి కనబడుతుంది. అది నీటి ఆవిరి. ఆ ముగ్గురినీ చావు అంచుకు తీసుకొనిపోయినది బయటి చలి ఒక్కటే కాదు, వారి శరీరముల నుండి వెలువడిన తేమ. ఈ సంగతి రచయితకు తెలుసు. దానిని వర్ణించినంత బాగుగా విచారించలేదన్నదే నా ఫిర్యాదు.

ముందుగా ప్రయాణపు కారణము చెప్పవలెను. ఎంపరర్ పెంగ్విన్ పక్షులలో అతి ప్రాచీనమైనదని ఆనాడు కొందరి అభిప్రాయము. పిండము పెరిగే దశలలో ఆ జీవి పూర్వచరిత్ర కనిపిస్తుందనే సిద్ధాంతము కూడా అప్పుడు బలముగా ఉండేది. కనుక పొదగబడుతున్న గుడ్లలోని పిండములను పరీక్షిస్తే సరీసృపముల పొలుసులు పక్షి ఈకలుగా మారిన తీరు తెలియవచ్చునని జీవశాస్త్రజ్ఞుడు ఎడ్వర్డ్ విల్సన్ ఆశపడినాడు. ఈ పక్షి గుడ్లు పెట్టేది నడి శీతకాలములో. అక్కడ అప్పుడు సూర్యుడు ఉదయించడు. అందుచేత విల్సన్, బావర్స్, చెర్రీ-గారార్డ్ 1911 జూన్ 27న కేప్ ఎవాన్స్ నుండి బయలుదేరి, చీకటిలో సుమారు 67 మైళ్ళ దూరములోనున్న కేప్ క్రోజియర్‌కు నడిచినారు. కుక్కలు లేవు, గుర్రములు లేవు. రెండు స్లెడ్జి బండ్ల మీద 757 పౌనుల బరువు, అనగా మనిషికి 250 పౌనులకు పైగా, తామే లాగినారు.

ఉష్ణోగ్రత ఫారన్‌హీటు మానమున సున్నాకు దిగువ 77 డిగ్రీల వరకు పడిపోయినది. సెంటిగ్రేడులో అది మైనస్ 60. (మైనస్ 40 వద్ద ఈ రెండు మానములు ఒకే అంకె చూపుతాయని విద్యార్థులకు ఈ సందర్భములో గుర్తు చేయవచ్చును.) మన వైపు లంబసింగిలో సున్నా దరిదాపులకు చలి దిగితేనే పత్రికలలో వార్త అవుతుంది. ఆ చలిలో మంచు జారదు, ఇసుకవలె పట్టుకొంటుంది. మామూలుగా బండి కింది బద్దీల రాపిడికి మంచుపై సన్నని నీటి పొర ఏర్పడి అవి జారుతాయి. మైనస్ 60 వద్ద రాపిడి వేడిమి ఆ పొరను కల్పించుటకు చాలదు. రెండు బండ్లను ఒకేసారి లాగలేక ఒక్కొక్కదానినే లాగినారు. ఒకటి ముందుకు చేర్చి, వెనుకకు నడిచి, రెండవది తెచ్చుకొనుటచేత ఒక మైలు సాగుటకు మూడు మైళ్ళు నడవవలసివచ్చినది. కొన్ని దినములలో రోజంతా కష్టపడితే సాగినది ఒకటిన్నర మైలు.

ఇక పుస్తకములో నాకు అన్నిటికంటె విలువైనదిగా తోచే భాగము, పరుపుల సంగతి. వారు పడుకొన్నవి రెయిన్‌డీర్ తోలుతో కుట్టిన సంచులు, అనగా ఈనాడు మనము స్లీపింగ్ బ్యాగులనేవి. బయలుదేరినప్పుడు, తిరిగివచ్చినప్పుడు వాటి బరువులు స్కాట్ దినచర్యలో నమోదైనాయి. లోపలి ఈకల పరుపుతో కలిపి చెర్రీ-గారార్డ్ సంచి మొదట 18 పౌనులు, చివర 45. విల్సన్‌ది 17 నుండి 40కి పెరిగినది. బావర్స్‌ది 17 నుండి 33కు. సంచిలోకి ఎవరూ నీరు పోయలేదు. పెరిగినదంతా మంచుగడ్డ.

ఈ అంకెలను తరగతిలో లెక్క వేయించవచ్చును. చెర్రీ-గారార్డ్ సంచిలో చేరినది 27 పౌనులు, అనగా 12 కిలోగ్రాములకు పైమాట. 35 రాత్రులకు పంచితే రాత్రికి సుమారు 350 గ్రాములు. మనిషి చెమట పట్టినట్టు కనబడకపోయినా చర్మము నుండి, ఊపిరి నుండి ఎడతెగక వెలువడే ఆవిరి ఈ మాత్రము సులభముగా ఉంటుంది. వెచ్చని శరీరము వద్ద పుట్టిన ఆ ఆవిరి, తోలు గుండా బయటికి పోతూ, ఉష్ణోగ్రత సున్నాకు దిగిన చోట ఉన్నిలోను వెండ్రుకలలోను గడ్డ కట్టినది. వెచ్చదనము నిలిపేది నిజానికి తోలు కాదు, దానిలో చిక్కుకొన్న గాలి. మంచుగడ్డ గాలికంటె సుమారు తొంభై రెట్లు ఎక్కువగా వేడిని పోనిస్తుంది. గాలి ఉండవలసిన చోట మంచు చేరుటతో పరుపు పరుపుగా పనిచేయడము మానినది. పైగా ఆ మంచును రాత్రివేళ కరిగించవలసినది తిరిగి వారి ఒంటి వేడే. 12 కిలోల మంచును ఒక్కసారి కరిగించుటకే దాదాపు 960 కిలోకేలరీలు కావలెను. తిన్న తిండిలో ఎంత భాగము ఇందుకే ఖర్చయినదో ఊహించవచ్చును.

బట్టలదీ ఇదే కథ. గుడారము వెలుపలికి వచ్చి ఒకసారి తలయెత్తి చూసినంతలో చెర్రీ-గారార్డ్ దుస్తులు బిగిసిపోయి, మళ్ళీ తల దించలేక నాలుగు గంటలు అట్లే బండి లాగినాడు. రచయిత దీనిని కొంత హాస్యముతోనే చెప్పినాడు. పళ్ళు పగిలిన సంగతి కూడా అంతే తేలికగా చెప్పినాడు. ఆ నిగ్రహము ఈ గ్రంథమునకు గొప్ప బలము.

పరిశీలకుడుగా కూడా అతనికి లోటు లేదు. కేప్ క్రోజియర్ వద్ద రాళ్ళతో గోడలు కట్టి, పైన కాన్వాసు కప్పి చిన్న గుడిసె చేసికొన్నారు. గాలివాటు తగలదని శిఖరమునకు చాటున కట్టినారు. తుఫాను వచ్చినప్పుడు ఆ చాటే ముంచినది. శిఖరము మీదుగా పోయే గాలి వలన అక్కడ పీడనము తగ్గి, పైకప్పును పైకి పీల్చినది. కాన్వాసు చినిగిపోయినది. అంతకుముందే గుడారము ఎగిరిపోయినది. తరువాత అర మైలు దూరములో దొరుకుటవలననే వారు బ్రతికినారు. గాలి కప్పును తోయలేదు, పీల్చినది అని రచయిత స్పష్టముగా గుర్తించినాడు. తుఫానులకు కప్పులు లేచిపోయే మన కోస్తా జిల్లాల విద్యార్థులకు ఈ పుట చదివి వినిపించదగినది.

ఇంత చూపు ఉన్న రచయిత పడక సంచి విషయములో మాత్రము కష్టమును విధివలె స్వీకరించినట్లు తోస్తుంది. వేరే మార్గము లేదా? ఉన్నది. అముండ్‌సెన్ 1903 నుండి రెండేండ్ల కాలము జోవా హేవెన్ వద్ద ఆగి నెట్సిలిక్ ప్రజల దుస్తులను శ్రద్ధగా నేర్చుకొన్నాడు. వారి బొచ్చు అంగీ వదులుగా ఉంటుంది. లోపలి అంగీ బొచ్చు ఒంటివైపు, పై అంగీ బొచ్చు బయటివైపు ఉంటాయి. పని చేసేటప్పుడు వేడి గాలి, తేమ మెడవద్దను అంచులవద్దను బయటికి పోతాయి. బొచ్చుపై పేరిన మంచును కొట్టి దులుపుకొనవచ్చును. ముగ్గురూ తిరిగివచ్చిన మరునాడే ఎస్కిమోల బొచ్చు దుస్తులు తమవాటికంటె మేలైనవేమో అని స్కాట్ సయితము దినచర్యలో సందేహము వ్రాసుకొన్నాడు.

అయితే బొచ్చు అంగీ సర్వరోగనివారిణి కాదు. అముండ్‌సెన్ కూడా 1911 సెప్టెంబరులో తొందరపడి బయలుదేరి, చలికి తాళలేక వెనుదిరిగినాడు. అతని మనుష్యులలో కొందరి మడమలు చలికి దెబ్బతిన్నాయి. పైగా అతని బండ్లను లాగినవి కుక్కలు. మనిషి బండి లాగితే చెమట పడుతుంది. ఆగితే ఆ చెమట గడ్డకడుతుంది. ఇంగ్లీషువారి ఇబ్బందిలో సగము దుస్తులది, సగము ఆ లాగుడుది. ఈ రెంటినీ కలిపి చూచే అధ్యాయమొకటి ఉండవలసినది.

గుడ్ల సంగతి పాఠకులు అడుగుతారు. తెచ్చినవి ఐదు, దారిలో రెండు పగిలినాయి. మిగిలిన మూడింటిని 1913లో లండన్ మ్యూజియములో ఇవ్వబోతే అక్కడి ఉద్యోగి లెక్కచేయక కూర్చోబెట్టిన ఘట్టమును రచయిత చేదుగా వర్ణించినాడు. 1934లో వెలువడిన పరిశీలనలో ఆ పిండములు విల్సన్ ఆశించినంత విషయము చెప్పలేదని తేలినది. దీనితో ప్రయాణము వృథా అని కొందరు తీర్పు చెబుతారు. నేను అంగీకరించను. ఆ ముగ్గురు దారిలో మరొక పరీక్ష చేసినారు. ఒకరు కొవ్వు, ఒకరు మాంసపు పెమ్మికన్, ఒకరు బిస్కట్టు ఎక్కువగా తిని ఏ పాలు మేలో చూచినారు. బిస్కట్టు తిన్న చెర్రీ-గారార్డ్ కొవ్వుకు అలమటించినాడు. విల్సన్ తన వెన్న తినలేకపోయినాడు. చివరకు ఇద్దరూ కొంత కొంత మార్చుకొన్నారు. ధ్రువయాత్ర ఆహారపు పాళ్ళను నిర్ణయించుటలో ఈ అనుభవము ఉపయోగపడినది.

2014లో మన గురుకుల విద్యార్థులు పూర్ణ, ఆనంద్‌కుమార్ ఎవరెస్టు ఎక్కిన తరువాత, ఉన్నత పాఠశాలల పిల్లలు మంచు కొండలను గురించి అడిగే ప్రశ్నలు పెరుగుట సహజము. అట్టివారికి పుస్తకమంతా చదివించుట కష్టము. 'ది వింటర్ జర్నీ' అనే ఏడవ అధ్యాయము చాలును. చదివించే ముందు ప్రతి విద్యార్థి చేతికి ఒక పాలిథీన్ సంచి తొడిగి, మణికట్టు వద్ద వదులుగా కట్టి, పది నిమిషములు ఊరక కూర్చోమనండి. సంచి లోపలి వైపు తేమ పేరుతుంది. అది ఎక్కడనుండి వచ్చినదని అడిగి, వారు జవాబు చెప్పిన తరువాత బరువుల అంకెలను నల్లబల్లపై వ్రాయండి.