ఏరికోరి చేరిన ఇల్లు

జాన్ బాస్వెల్ అమెరికాలో యేల్ విశ్వవిద్యాలయపు చరిత్ర ఆచార్యులు. స్వలింగ ప్రేమికులు, పైగా నిష్ఠగల కేథలిక్కు. వద్దన్న చర్చిని పట్టుకు వేళ్లాడటం దేనికీ అంటారా? కుర్రతనంలో ఏరికోరి చేరిన మతం మరి!

చర్చికి మొదట్నుంచీ ఇలాంటివాళ్లంటే పగే అనుకుంటాం కదా. కాదు, 12వ శతాబ్దం చివరి నుంచే అది ముదిరిందని 1980లో వచ్చిన 'క్రిస్టియానిటీ, సోషల్ టాలరెన్స్ అండ్ హోమోసెక్సువాలిటీ'లో వాదించారు. పాత లాటిన్, గ్రీకు రాతలన్నీ తిరగేసి మరీ! చదువుతుంటే ఔననిపిస్తుంది.

1994 నాటి పుస్తకంలో మాత్రం, ఇద్దరు మగవాళ్లను అన్నదమ్ములుగా కలిపే పాత ప్రార్థనావిధి పెళ్లిలాంటిదేనన్నారు. చరిత్రకారులు చాలామంది ఒప్పుకోలేదు. నేనూ తలాడించలేకపోయాను. అసలు నా తగువు వేరే. ఇన్ని వందల పేజీల్లో ఆడవాళ్లు వెతుక్కుంటేగాని కనబడరేం? అడుగుదామంటే ఆ డిసెంబరులోనే, 47 ఏళ్లకే, ఎయిడ్స్ ఆయన్ని తీసుకుపోయింది.