లేనివారి మరణము: ఆచారహాస్యనాటకమున నితివృత్తవిచారము

విక్టోరియా రాణి పరిపాలనకాలము (1837-1901) కడపటి దశాబ్దమున లండను రంగస్థలమునందు వెలసిన ఆచారహాస్యనాటకములు ఉన్నతకుటుంబముల నడవడిని, వివాహసంప్రదాయములను, మర్యాద చాటుననున్న ధనాపేక్షను పరిహసించునవి. వీనియందు సంభాషణచాతుర్యమే ప్రాణమనియు, కథ దానికి వట్టి నెపమనియు, సంఘటనలు నమ్మదగినవి కావనియు చెప్పుట పరిపాటి. సంభాషణమును మెచ్చి యితివృత్తమును త్రోసిపుచ్చు నీ పద్ధతి యా రచనలకు న్యాయము చేయజాలదు. ఆస్కార్ వైల్డు రచించిన 'ది ఇంపార్టెన్స్ ఆఫ్ బీయింగ్ ఎర్నెస్ట్' అను నాటకమును తెలుగు నాటకములు రెంటితో పోల్చి చూచినచో పరిహాసభారమును మోయునది కథయే యని తేటపడగలదు.

ఈ నాటకము 1895 ఫిబ్రవరి 14వ తేదీన లండనులోని సెయింట్ జేమ్సు నాటకశాలలో ప్రథమమున ప్రదర్శింపబడినది. కథాసంగ్రహ మిది. జాక్ వర్దింగు పల్లెపట్టున పెద్దమనిషి. తన సంరక్షణలోనున్న సిసిలీ యను కన్యకకు మేలైన నడవడి చూపవలసినవాడు. పట్టణమునకు పోవుటకు నెపముగా ఎర్నెస్టను దుడుకు తమ్ముని కల్పించి, పట్టణమున తానే యా పేరున తిరుగును. అతని మిత్రుడు ఆల్జెర్నను ఇష్టములేని విందులు తప్పించుకొనుటకు బన్బరీ యను నిత్యరోగిని కల్పించియున్నాడు. గ్వెండొలెను ఎర్నెస్టను పేరునే వలచి జాకును వరించును. ఆమె తల్లి బ్రాక్నెల్ దొరసాని వరుని పరీక్షించి, యాదాయమునకు సంతసించి, యాతడు శైశవమున విక్టోరియా రైలుస్టేషనున నొక చేతిసంచిలో దొరకినవాడని విని సంబంధమును నిరాకరించును. అటుపై ఆల్జెర్నను ఎర్నెస్టు పేరుతో పల్లెకు పోయి సిసిలీని వలచును. తుదకు, సంచిలో శిశువును పెట్టి మఱచినది సిసిలీ యుపాధ్యాయిని మిస్ ప్రిజమనియు, జాకు ఆల్జెర్నను తోడబుట్టిన యన్నయే యనియు, తండ్రిపేరిట నాతనికి పెట్టిన నామము ఎర్నెస్టే యనియు తేలును.

అలంకారశాస్త్రము నభ్యసించినవారికి ఇందలి సాధనములు క్రొత్తవి కావు. మొదటిది శ్లేష. ఎర్నెస్టు వ్యక్తినామము, అదే ధ్వనిగల యాంగ్లపదమునకు నిష్కాపట్యముతో కూడినవాడని యర్థము. అట్టి పేరు ధరించుటకై నాయకు లిద్దఱును కపటమాడుదురు. ఇచ్చట శ్లేష వాక్యమాత్రమున నిలువక కథకు బీజమైనది. రెండవది విరోధాభాస. పాత్రలు తుచ్ఛమును గంభీరముగను, గంభీరమును తుచ్ఛముగను పలుకుదురు. ఒకే ఎర్నెస్టును వరించితిమని తలచిన కన్యక లిద్దఱు తేనీటి బల్లకడ పోరాడునపుడు, చక్కెర వలదన్న యతిథికి నాలుగు ముక్కలు వేసి యిచ్చుటయే యాయుధప్రయోగము. మూడవది యభిజ్ఞానము. శాకుంతలమున ఉంగర మెట్టిదో యిందు చేతిసంచి యట్టిది. మొదటి యంకమున నవమానహేతువైనదే మూడవ యంకమున కులనిర్ణాయకమగును. ప్రహసనమునకు దశరూపకము ముఖనిర్వహణసంధులను రెంటినే విధించినది. ఇందు బీజము నాటుకొని, మొలకెత్తి, మరుగుపడి, విఘ్నములు దాటి ఫలించుటచే నైదు సంధులును కానవచ్చుచున్నవి. కావున ఇది కల్పితేతివృత్తముగల ప్రకరణమునకు సన్నిహితము.

ఇతివృత్తబలము ద్వితీయాంకమున మిక్కిలి స్పష్టము. కల్పితసోదరునితో విసిగిన జాకు, ఆతడు పారిసునగరమున చలిసోకి మరణించెనని ప్రకటింప నిశ్చయించి, నల్లని శోకవస్త్రములు ధరించి యింటికి వచ్చును. ఆ యింటిలోనే ఆల్జెర్నను ఎర్నెస్టై కూర్చుండియున్నాడని ప్రేక్షకులెఱుగుదురు, జాకెఱుగడు. ఆతడు నోరు విప్పకమునుపే సభ నవ్వును. ఆ నవ్వు చమత్కారోక్తివలన పుట్టినది కాదు; సంవిధానమువలన పుట్టినది. లేనివానికి మరణము కలుగుటయే యిందలి కీలకము.

ఈ కీలకమే దాదాపు ఆ కాలముననే తెలుగునాటను కనబడుచున్నది. గురజాడ అప్పారావుగారి 'కన్యాశుల్కము' 1892లో విజయనగరమున ప్రదర్శితమై, 1897లో ముద్రితమై, 1909లో పునారచితమై వెలువడినది. మేనకోడలిని వృద్ధుడైన లుబ్ధావధానులకు అమ్మకుండ నాపుటకై కరటకశాస్త్రి తన శిష్యునకు ఆడువేషము వేసి యా వృద్ధునకే యమ్మును. పెండ్లి యగును, పెండ్లికూతురు మాయమగును, లేని వధువును చంపెనని లుబ్ధావధానులపై నేరము మోపబడును. వధువు బాలుడని యెఱుగక కొన్నవాడు మనిషిని చూచి కొనలేదు, వెలను చూచి కొన్నాడు. బ్రాక్నెల్ దొరసాని వరునకు మాఱుగా నాదాయమును, వంశమును చూచినట్టిదే యిదియు. వేషము రెండు తావులను వినోదార్థము మాత్రమే కాదు. అంగడిని బయలుపఱచు యుక్తి.

అయినను నిర్వహణమున నీ రెండును వేఱు దారులు పట్టినవి. వైల్డు నాటకమున కల్ల నిజమగును: లేని ఎర్నెస్టు ఉన్నవాడగును, లేని సోదరుడు నిజముగనే సోదరుడగును. గురజాడ నాటకమున కల్ల కరగిపోవును: మధురవాణివలన సౌజన్యారావు పంతులు నిజమెఱుగును, గిరీశము వన్నెలు వెలిసిపోవును.

మూడవ దారి అనంతపురసీమకు చెందిన నాటకకర్త తొక్కినది. అనంతపుర మండలము 1882లో బళ్ళారి మండలమునుండి వేఱుపడినపుడు ధర్మవరము దానియందు చేరినది. 2022 నుండి యది శ్రీ సత్యసాయి జిల్లాలోనిది. అచ్చట జన్మించిన ధర్మవరము రామకృష్ణమాచార్యులుగారు (1853-1912) 'విషాద సారంగధర' రచించిరి. కోరిక తీఱని చిత్రాంగి సవతికొడుకుపై వేసిన నింద రాజరాజనరేంద్రుని న్యాయబుద్ధిని కప్పివేసి, నిరపరాధియైన రాజకుమారుని నాశము చేయును. సారంగధరునకు అవయవములు మరల లభించెనను సంప్రదాయకథాంతమును విడిచి నాటకకర్త విషాదాంతమునే నిలిపెను. ఇచ్చట కల్ల నిజమును కాలేదు, సకాలమున కరగనులేదు, ప్రాణమును బలిగొన్నది.

ఒకే కల్ల మూడువిధముల ఫలించుటకు కారణము తీర్పరులయందున్నది. చిత్రాంగి మాట విన్న రాజు విచారింపక శిక్షించును, కావున విషాదము. సౌజన్యారావు విచారించును, కావున నిజము వెలువడును. బ్రాక్నెల్ దొరసాని విచారించును గాని, గుణమును గాక పేరును వంశమును విచారించును. మొదటి యంకమునుండి కడపటి యంకమువఱకు జాకు గుణము రవ్వంతయు మాఱలేదు. మాఱినది యాతని జన్మవృత్తాంతము మాత్రమే. యోగ్యతకు జన్మమే కొలతయైన సంఘమున నొక సంచి పొరపాటు మనుష్యుని విలువను తలక్రిందులు చేయగలదు. అసంభావ్యమని నిందింపబడు నా సంఘటనయే సంఘము కొలత యెంత యాదృచ్ఛికమో చూపుచున్నది. నమ్మదగిన కథ చెప్పియున్నచో నీ యాక్షేపణ మిగులదు.

అయితే వైల్డు హాస్యమునకు నొక పరిమితి గలదు. జాకునకు జన్మము దొరకినది. దొరకనివాని గతి యేమి? ఆ ప్రశ్న నాటకమున తలయెత్తదు. పరిహసింపబడిన దొరసాని తీర్పే తుదకు నెగ్గుచున్నది. కన్యాశుల్కమున బుచ్చమ్మ వైధవ్యము నవ్వులనడుమ నవ్వుకాక నిలిచియున్నది. ఆ బరువు వైల్డునందు లేదు. ఆంగ్లనాటకము సంవిధానసౌష్ఠవమున మిన్న. తెలుగు నాటకము జీవితభారమున మిన్న.

పాఠశాలలయందు ఇట్టి నాటకములను బోధించువారు చమత్కారోక్తుల నేరి యప్పగింపజేయుటతో తృప్తినొందరాదు. కల్ల యెవరు కల్పించిరి, దానిని విచారించు నధికార మెవరిది, తుదకది నిజమగునా, కరగునా, చంపునా యని విద్యార్థుల నడుగవలయును. ఆ ప్రశ్నల కుత్తరము చెప్పగలిగిన నాడు శ్లేషయు విరోధాభాసయు పట్టికలోని పేర్లుగా నుండక, సంఘమును పరీక్షించు సాధనములుగా వారికి తెలియవచ్చును.