మే నెల నవ్వింది

ఈ వారం ఒక ఆఫీసులో పని చూసుకుని బయటికొస్తుంటే గుమ్మం దగ్గర మూడు మీటలు. పచ్చ మొహం నవ్వుతోంది, ఎర్ర మొహం ఏడుస్తోంది, పసుప్పచ్చది ఎటూ తేల్చుకోలేదు. గంటన్నర నిలబెట్టి ఇంకో జిరాక్సు తెమ్మన్న గుమస్తాకి ఏడుపు నొక్కాలి, కుర్చీ తెచ్చి వేసిన బంట్రోతుకి నవ్వు. ఏదీ నొక్కకుండా వచ్చేశాను. అంకెలకి వేషాలు కడితే నాకు గిట్టదని ఈ కాలమ్ చదివేవాళ్లకు తెలిసిందే.

ఒక్క మొహంలో 18 సంగతుల దాకా పట్టించిన పెద్దమనిషి ఉన్నారు. అమెరికా గణాంకవేత్త హెర్మన్ చెర్నాఫ్. ఒక కొలతకు ముక్కు పొడవు, ఒకదానికి నోటి వంపు, ఇంకోదానికి కనుబొమ్మల వాలు ఇచ్చి, 1973లో శిలాజాల కొలతలను మొహాలుగా గీశారు. పట్టికలో తేడా పోల్చలేని మనిషి ఆర్టీసీ కాంప్లెక్స్ రద్దీలో బావమరిదిని పోల్చేస్తాడు కదా, అదీ కిటుకు.

మన విశాఖ ఏవీఎన్ కాలేజీలో, ఆంధ్రా యూనివర్సిటీలో చదివిన గణాంకవేత్త సి.ఆర్. రావుగారిది తిరగేసిన దారి. 1946లో కేంబ్రిడ్జి వెళ్లి, సూడాన్‌లోని జెబెల్ మోయా తవ్వకాల్లో దొరికిన పుర్రెలు, ఎముకల కొలతల్లోంచి ఆ పాతకాలపు జనం ఎవరికి దగ్గరో తేల్చే పనిలో దిగారు. ఈయన మొహాల నుంచి అంకెలకు, ఆయన అంకెల నుంచి మొహాలకు. నా ఓటు రావుగారికే.

అయినా ఆదివారం డైరీ ముందేసుకుని మా ఇంటి పన్నెండు నెలల ఖర్చులకూ మొహాలు గీశాను. ఉక్కు ఫ్యాక్టరీలో బ్లాస్ట్ ఫర్నేసులకే గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని పేర్లున్న ఊరాయె! కరెంటు బిల్లు నోరు, పాలు చెవులు, చేపలు కళ్లు, మందులు ముక్కు. ఏసీ పుణ్యమా అని మే నెల చెవులంటేలా నవ్వింది.

"కట్టింది మీరు, నవ్వు దానిదీనా?" అంది మా ఆవిడ.

నోరు మందులకిచ్చి, ముక్కు కరెంటుకిచ్చాను. మే నవ్వు మానేసి యారాడ కొండలా ముక్కు సాచింది. బిల్లు మాత్రం అదే. ఇలా అవయవాలు తారుమారైతే చూసేవాళ్లు ఎంత పొరబడతారో 1975లో చెర్నాఫే ఇంకొకరితో కలిసి పరీక్షించారు.

చింపేయబోతుంటే మా ఆవిడ కాగితం లాక్కుంది. మే కళ్లు చిన్నవి, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం గనక. నవంబర్ కళ్లే తెరవలేదు, కార్తీకం. మరి ఫిబ్రవరి? కళ్లు మూసుకునే ఇంత నోరు తెరిచి నవ్వుతోంది.

"నేను మంచాన పడ్డ నెల కదండీ," అంది.

చేపలు లేవు, మందులే. డైరీలో ఆ అంకెలు నా చేతిరాతే. ఎన్నిసార్లు తిరగేసినా ఆ నెల దగ్గర నేను ఆగలేదు.

కాగితం ఫ్రిజ్ మీద అతికించాం. నోరంటే ఏమిటో, ముక్కంటే ఏమిటో అడుగున రాసిపెట్టాను.