సాయిబులా చెప్పు

"అట్లా కాదయ్యా, సాయిబులా చెప్పు."

డబ్బింగ్ థియేటర్లో అద్దానికి అవతల కూర్చున్న పెద్దమనిషి నాతో అన్న మాట ఇది. 1990లు అయిపోవస్తున్న రోజులు. ఒక తమిళ సినిమా తెలుగులోకి దిగుతోంది. అందులో మాంసం కొట్టు ముసలాయనకి మూడంటే మూడు డైలాగులు. నేను మా అబ్బా ఎట్లా మాట్లాడతాడో అట్లా చెప్పాను. మా అబ్బా తెనాలి పక్క పల్లెలో పుట్టినవాడు. మిరపతోటల్లో కూలికి పోయి, తర్వాత కుట్టుమిషను పట్టుకున్నవాడు. ఇంట్లో అమ్మీతో మా ఉర్దూ, గడప దాటితే ఆ ఊళ్లో అందరి తెలుగే. "అరే, నంబళ్‌కీ నింబళ్‌కీ అనాలయ్యా. నువ్వు సాయిబువే కదా, ఆ మాత్రం రాదా?" అన్నాడాయన. ఆ నంబళ్‌కీ నింబళ్‌కీ నేను మా పేటలో ఎవరి నోటా వినలేదు. విన్నది నాటకాల్లో, సినిమాల్లో. సినిమాలో విన్నదాన్నే సినిమాకి తిరిగిచ్చాను. నాలుగో టేకు ఓకే అయింది. వోచర్ మీద సంతకం పెట్టించుకుని డబ్బు చేతిలో పెట్టారు. బస్సులో కూర్చున్నాక అబ్బా ముఖం గుర్తొచ్చింది.

తెర మీద ముస్లిం ఎట్లా కనబడుతున్నాడన్న దాని మీద మన సెక్యులర్ మిత్రులు చాలానే రాశారు. కసాయి, జట్కావాలా, పాతబస్తీ రౌడీ, హీరో కోసం ప్రాణమిచ్చే స్నేహితుడు, ఆఖరికి బాంబు పెట్టేవాడు. ఆ లెక్క నిజమే. కానీ తెర వెనక హాజరు పట్టీలో మా పేర్లెన్ని, ఏ పని పక్కన ఉన్నాయి అని అడిగినవాళ్లు తక్కువ. కథ ఎవరు రాస్తున్నారు, డబ్బు ఎవరిది, కంపెనీ ఎవరిది అని చూడకుండా బొమ్మ ఒక్కదాన్నే తిడితే ఏం లాభం? ఆ అద్దం అవతల కుర్చీలో మా అబ్బా తెలుగు విన్న మనిషి ఒక్కడున్నా నాలుగో టేకు దాకా పోయేది కాదు.

కంపెనీల పుట్టుక చూడండి. తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద' 1932లో బొంబాయిలో తయారైంది. తర్వాత మద్రాసు చేరి సారథి, వాహిని, విజయ, అన్నపూర్ణ అని కంపెనీలు లేచాయి. సారథి వెనక చల్లపల్లి జమీందారు. ఆ తర్వాత పరిశ్రమలోకి పారిన పెట్టుబడిలో పెద్ద పాయ కృష్ణా గోదావరి డెల్టా వరిచేల మిగులే. విజయవాడ గాంధీనగర్‌లో పంపిణీ ఆఫీసులు, జిల్లాల్లో సినిమా హాళ్లు కూడా ఆ నీటి వెంబడే వెలిశాయి. పొలం ఉన్నవాడు కంపెనీ పెట్టాడు. కంపెనీ పెట్టినవాడు బంధువుల్ని పిలుచుకున్నాడు. మా వాళ్లలో ఎక్కువమంది చేతుల్లో ఉన్నవి కత్తెర, పానా, కళ్లెం. ఊళ్లోకి కొత్త సినిమా వస్తే మైకు కట్టుకుని కరపత్రాలు విసురుతూ తిరిగే జట్కా మా పేటదే. గుర్రం మాది, బొమ్మ వాళ్లది.

"మరి నిజాం రాజ్యంలో మీదేగా నడిచింది" అనేవాళ్లుంటారు. మా వాళ్లలో కూడా ఆ పేరు చెప్పి మురిసిపోయేవాళ్లున్నారు. ఇద్దరికీ ఒక సంగతి చెప్పాలి. 1922లో ధీరేంద్రనాథ్ గంగూలీ అనే బెంగాలీ హైదరాబాదులో లోటస్ ఫిల్మ్ కంపెనీ పెట్టాడు. మూకీ సినిమాలు తీశాడు, హాళ్లు నడిపాడు. 1924లో 'రజియా బేగం' సినిమా చూపించాడు. సుల్తానా రజియా ఒక హిందువుని ప్రేమించినట్టు కథ. నిజాంకి కోపమొచ్చింది, గంగూలీ సంస్థానం వదిలిపోవాల్సి వచ్చింది. కంపెనీ మూతపడింది. ఆ కంపెనీ బతికుంటే మా పాతబస్తీ పిల్లలు ఎంతమంది కెమెరా పట్టుకునేవాళ్లో! నవాబు పరువు పేరుతో మా పొట్ట మీద పడ్డ తొలి దెబ్బ అదేనేమో అనిపిస్తుంది నాకు. నిజాం ప్రభుత్వం 1930లలో నడిపిన దక్కన్ రేడియో కూడా అంతే. జనంలో ఎక్కువమంది మాట్లాడేది తెలుగు, మరాఠీ, కన్నడం. రేడియోలో పెద్దపీట ఉర్దూకి. ఆ పెద్దపీట మీద కూర్చున్నది నవాబుల, జాగీర్దార్ల పిల్లలు. దూదేకుల పిల్లలు కాదు, నేతగాళ్ల పిల్లలు కాదు. 1950లో ఆ స్టేషను ఆకాశవాణి అయింది.

ఆకాశవాణి గురించి మాట్లాడాలంటే నాకు కోపం కన్నా ప్రేమే ముందొస్తుంది. పొద్దున్నే మంగళవాద్యం వచ్చేది. "నాదస్వరం, షేక్ చినమౌలానా" అని అనౌన్సరు చెప్పేది. మా అమ్మీ పొయ్యి ముందు కూర్చుని ఆ పేరు వినగానే ఒకసారి తలెత్తేది. చినమౌలానా ప్రకాశం జిల్లా కరవదిలో పుట్టి శ్రీరంగం చేరినవాడు. గుళ్లల్లో, పెళ్లిళ్లల్లో మోగే వాద్యానికి ఊపిరి పోసింది ఆయనా, ఆయనలాంటి ముస్లిం కుటుంబాలూ. గుడి ముందు ఊదేవాళ్లని మా మౌల్వీలు కొందరు చిన్నచూపు చూశారు, అది కూడా దాచక్కర్లేదు. మా ఆపా పిల్లల కార్యక్రమంలో పాడేది. పన్నెండో ఏడు రాగానే ఇంట్లో వాళ్లే మాన్పించారు. ఆ గొంతు ఆపింది ఏ హిందూ కంపెనీ కాదు.

అయితే రేడియో చేసిన పని ఒకటుంది. పాడినవాడి పేరు, ఊదినవాడి పేరు పూర్తిగా పలికింది. అది ఎవరి దయా కాదు, పద్ధతి. బి, బి హై, ఎ, టాప్ అని గ్రేడులు, గ్రేడుకింత అని పారితోషికం, కాంట్రాక్టు కాగితం. 1952 తర్వాత వచ్చిన ఆడిషన్ పద్ధతిలో కళాకారుడు తెర వెనక కూర్చుంటే బోర్డు వాళ్లు గొంతు మాత్రమే వినాలి. విచిత్రమేమంటే అది తెచ్చిన సమాచార మంత్రి బి.వి. కేస్కర్ మా మిత్రుడేమీ కాదు. ముస్లింల చేతుల్లో పడి హిందుస్తానీ సంగీతం దిగజారిందని నమ్మిన మనిషి. పెద్ద పెద్ద ఉస్తాదులు ఈ వయసులో మాకు పరీక్షేమిటని మండిపడ్డారు. వాళ్ల కోపం న్యాయమే. కానీ పేరు లేని కుర్రాడికి ఆ తెర ఒక నీడ. వాడు ఏ పేట నుంచి వచ్చాడో బోర్డుకి తెలియదు. కేస్కర్ మనసులో ఏమున్నా కాగితం మీద రాసుకున్న నియమం మాకు పనికొచ్చింది. కంపెనీల్లో అట్లాంటి కాగితమే లేదు. అక్కడ "మనవాడేనా?" అన్న ఒక్క మాటే ఆడిషన్.

ఆ రేడియోలోనూ గది వేరు. ముస్లిం అనగానే ఉర్దూ కార్యక్రమం వైపు చెయ్యి చూపిస్తారు. తెలుగే ఇంటిభాషగా ఉన్న దూదేకులు, నూర్‌బాషాలు ఎక్కడికి పోవాలి? "మీ తెలుగు భలే ఉందండీ" అని నాకు ఎంతమంది మెచ్చుకోలు ఇచ్చారో లెక్కలేదు. గుంటూరు జిల్లావాడికి తెలుగు రావడం ఏం వింతో! పోనీ ఉర్దూ వైపు పోదామంటే మా ఇంటి ఉర్దూ వాళ్లకి ఆనదు, లక్నో నాలుక కావాలి. రెండు గదుల మధ్య వరండాలో నిలబడ్డాం.

ఇక పేరు సంగతి. బొంబాయి టాకీస్ కంపెనీలో చేరిన యూసుఫ్ ఖాన్ దిలీప్ కుమార్ అయ్యాడు. ముంతాజ్ జహాన్ మధుబాల అయింది. మా గోల్కొండ హమీద్ అలీ ఖాన్ అజిత్ అయ్యాడు. 1955లో సారథి వాళ్ల 'రోజులు మారాయి'లో ఏరువాక పాటకి ఆడిన పిల్ల వహీదా రెహమాన్. ఆ పాటే ఆమెని బొంబాయి చేర్చింది. అక్కడ పేరు మార్చుకోమన్నారు. టీనేజీ కూడా దాటని పిల్ల, మార్చుకోనంది. తెలుగు తెర మీద ఎట్లా వచ్చిందో అట్లాగే నిలిచింది. సత్తెనపల్లి నాగూర్ బాబుకి ఇళయరాజా మనో అని పేరు పెట్టారు. అందులో దురుద్దేశం ఉందని నేననను, ఆయన ఇచ్చిన పాటలూ తక్కువేం కాదు. కానీ రజనీకాంత్ తెలుగులో గర్జిస్తే హాలంతా విజిలేసేది నాగూర్ బాబు గొంతుకని ఎంతమందికి తెలుసు? దిలీప్ అని పుట్టి రెహమాన్ అయినవాడు ఒక్కడున్నాడు. ఆయన ఎదురు దారిన నడిచాడు. ఆయన మొదటి సినిమా 1992లో వచ్చిన 'రోజా'. తెలుగులోకి కూడా వచ్చి విరగబడి ఆడింది. మంటల్లో కాలుతున్న జెండా మీద హీరో పడి దొర్లుతుంటే ఆ పక్కనే నమాజు. హాల్లో చప్పట్లు. నా పక్క సీట్లో స్నేహితుడు కూడా కొట్టాడు, తర్వాత నా వైపు చూసి చేతులు దించాడు. ఆ పాటలంటే ఇవాళ్టికీ నాకిష్టం. రెహమాన్ ఆ పని ఎందుకు చేశాడని నేనడగను. మూడు డైలాగులకి నేనే నంబళ్‌కీ అన్నవాణ్ణి.

"అలీ లేడా?" అంటారు మిత్రులు. ఉన్నాడు. రాజమండ్రి కుర్రాడు, సొంత పేరుతో, 1994లో 'యమలీల' హీరోగా నిలబడ్డాడు. రసూల్ ఎల్లోర్ కెమెరా పట్టి, 2003లో 'ఒకరికి ఒకరు' డైరెక్ట్ చేశాడు. ఇట్లా వేళ్ల మీద లెక్కపెట్టి చూపించగలుగుతున్నామంటేనే సంగతి తెలియడం లేదా? 2002లో కృష్ణవంశీ 'ఖడ్గం' తీశాడు. దేశభక్తుడైన ఆటోడ్రైవర్ అంజద్‌గా ప్రకాష్‌రాజ్ చేశాడు. గొప్పగా చేశాడు, ఎవరి వేషం ఎవరైనా వెయ్యొచ్చు. అతని తమ్ముడు తీవ్రవాది. ఆ వేషం నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామాలో చదివొచ్చిన షఫీకి దక్కింది. మంచి ముస్లింకి ప్రకాష్‌రాజ్, చెడ్డ ముస్లింకి ముస్లిం. అంజద్ సినిమా పొడవునా తన దేశభక్తిని రుజువు చేసుకుంటూనే ఉండాలి. అదే సినిమాలో వేషాల కోసం కంపెనీల చుట్టూ తిరిగే రవితేజ పాత్ర ఉంది. అతని కష్టం అంతా ఆకలి కష్టం, అవకాశం కష్టం. అతన్ని ఎవరూ దేశభక్తి అడగరు. ఆ తిరిగే కుర్రాడే అంజద్ అయితే కథ ఎట్లా ఉండేదో రాయాలని తెలుగు సినిమాకి ఇంతవరకూ తోచలేదు.

తోచకపోతే మేమే తీసుకుంటాం అన్నట్టు హైదరాబాదులో 'ది అంగ్రేజ్' వచ్చింది. తీసింది కుంట నిఖిల్. తక్కువ డబ్బుతో, చార్మినార్ గల్లీల్లో, మా దక్కనీ మాటలతో. అంతదాకా ఏ పెద్ద కంపెనీ గేటు లోపలికి రానివ్వని మస్త్ అలీ, అజీజ్ నాసర్ లాంటివాళ్లని ఇంటింటికీ తీసుకుపోయిన వరస సినిమాలు అక్కణ్ణుంచే మొదలయ్యాయి. సీడీల్లో, హాళ్లలో జనం ఎగబడి చూశారు. అందులో మమ్మల్ని మేమే గల్లీ పోరగాళ్లుగా, పనిలేని దాదాలుగా చూపించుకున్నాం కదా అంటే, అవును. నవ్వుకోవడానికి కూడా మాకు వేరే పాత్ర అలవాటు లేకపోయింది. కానీ అద్దం అవతల కుర్చీలో ఆ యాస తెలిసినవాళ్లే కూర్చున్నారు.

టీవీ కథ చిన్నది. 2001లో రామోజీ ఫిల్మ్ సిటీ నుంచి ఈటీవీ ఉర్దూ మొదలైంది. ఉర్దూ మీడియంలో చదివి ఏం చెయ్యాలో తెలియని పిల్లలకి వార్తలు చదవడం, ఎడిటింగ్, కెమెరా అనే ఉద్యోగాలున్నాయని అప్పుడే తెలిసింది. 2014 నాటికి ఆ ఛానెల్ నెట్‌వర్క్18 చేతికి పోయింది, తర్వాత న్యూస్18 ఉర్దూ అయింది. కొన్నదీ అమ్మిందీ ముస్లింలు కాదు. మా భాష ఒక సరుకుగా చేతులు మారింది. అయినా ఆ జీతాలతో ఇళ్లు నడిచాయి, కాదనలేను.

2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో బి.సి.-ఇ పేరుతో నాలుగు శాతం రిజర్వేషన్ వచ్చింది. కాలేజీ సీట్లకి, రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగాలకి అది పనికొస్తుంది. కృష్ణానగర్‌లో పనికిరాదు. అక్కడ ఇరవైనాలుగు క్రాఫ్టుల యూనియన్లున్నాయి, కార్డులున్నాయి. కార్డు రావాలంటే డబ్బు కావాలి, తెలిసినవాళ్లు కావాలి. 2025 ఆగస్టులో 30 శాతం కూలి పెంపు అడుగుతూ కార్మికులు సమ్మె చేశారు. రెండు వారాలకు పైగా షూటింగులు ఆగాయి. ఏ మతం వాడికైనా ఆ రోజుల్లో పొయ్యి వెలగలేదు, అది అందరి పోరాటం. కాకపోతే ఎవరు ఏ క్రాఫ్టులో ఉన్నారన్నది ఆ బైఠాయింపుల్లో కూడా ఎవరూ లెక్క తియ్యలేదు.

మా ఆపా కొడుకు కాస్ట్యూమ్స్‌లో పని చేస్తాడు. మా అబ్బా కుట్టుమిషను వాడి దగ్గరికే చేరింది. సమ్మె రోజుల్లో ఒక సాయంత్రం యూసుఫ్‌గూడలో వాళ్ల గదికి పోయాను. మూలన సంచి నిండా జాలీ టోపీలు, పచ్చ లుంగీలు.

"ఇవన్నీ ఏంట్రా?"

"సాయిబు వేషం మామూ. టోపీ, పచ్చ లుంగీ, మెళ్లో తాయెత్తు, కంటికి సుర్మా. లిస్టులో ఎప్పుడూ అవే రాసిస్తారు. అప్పటికప్పుడు అడుగుతారని ముందే డజను కుట్టి పెట్టుకున్నా."

వాడు జీన్సు ప్యాంటు, టీషర్టులో ఉన్నాడు. సెట్లో వాణ్ణి బాబు అంటారట.