వాలిన మాట, నిలబడాల్సిన పేరు

అక్షరానికి కులం లేదనేవాళ్లున్నారు. అచ్చులో ఏ మాట నిటారుగా నిలబడుతోంది, ఏ మాట పక్కకి వాలుతోంది అని చూస్తే ఈ వాదం చెల్లదు. బోల్డ్ ఇటాలిక్ వాడకాన్ని మనం ముస్తాబు సంగతిగా కాదు, రాజకీయంగా చదవాలి.

ఇటాలిక్‌లో మొదటి పుస్తకం 1501లో వెనిస్‌లో ఆల్డస్ మనూషియస్ అచ్చేశాడు. అప్పుడది చేతిరాతకి అచ్చురూపం, పుస్తకమంతా అందులోనే ఉండేది. పోనుపోను పరాయి మాటకి గుర్తయింది. బోల్డ్ 19వ శతాబ్దపు ఇంగ్లండులో ప్రకటనలతో పెరిగింది. ఒకటి 'ఇది వేరు' అంటుంది, ఇంకోటి 'ఇటు చూడు' అంటుంది. రెండూ కలిస్తే అరుపే.

తెలుగుకి ఇటాలిక్ సంప్రదాయం లేదు. లాటిన్ అక్షరం కొసలకుండే సెరిఫ్ లాంటిది కాదు మన తలకట్టు. 'క'లో అది అచ్చుని చెబుతుంది, గుడి వస్తే తప్పుకుంటుంది. డీటీపీలో ఇటాలిక్ నొక్కితే చాలాసార్లు కంప్యూటర్ కొత్త అక్షరం గీయదు, ఉన్నదాన్నే పక్కకి తోస్తుంది. దాన్ని లావు కూడా చేస్తే చౌక కాగితం మీద గుడికీ గుడిదీర్ఘానికీ తేడా పూడిపోతుంది. 'బాధితులు' కాస్తా 'బాదితులు' అవుతారు. కరపత్రాలతో బతికే ఉద్యమానికి ఇది అందచందాల గొడవ కాదు గదా!

ఎవరి పేరు అక్షరాల్లో నిలుస్తుందన్న ప్రశ్న మన ప్రాంతంలో పాతదే. తెనాలి నుంచి రేపల్లె పోయే రైలుదారిలో భట్టిప్రోలు ఉంది. అక్కడ 1892లో దొరికిన ధాతుపేటికల మీద దాతల పేర్లు రెండువేల యేళ్లు దాటినా చదవొచ్చు. బాపట్ల దారిలో చుండూరు ఉంది. 1991 ఆగస్టు 6న అక్కడ 8 మంది దళితుల్ని చంపారు. ఆ ఊళ్లోనే కూర్చున్న ప్రత్యేక కోర్టు 2007లో 21 మందికి యావజ్జీవం వేసింది. 2014లో హైకోర్టు దాన్ని కొట్టేసింది. దాతల పేర్లని రాయి మోసింది. చుండూరు అమరుల పేర్లని మనమే మోయాలి.

అయితే మన రాతల్లోనే ఒక అలవాటు పాతుకుంది. 'పల్లె', 'గూడెం', 'డప్పు', 'పెద్దకూర' అనే మాటల్ని వాల్చి లావుగా వేస్తాం. 'సౌందర్యమీమాంస' మాత్రం దర్జాగా నిటారుగా నిలబడుతుంది. గౌరవం కోసమే అలా చేశామంటారు. కానీ వాల్చడమంటే ఈ మాట ఈ భాషది కాదని చెప్పడమే. ఊరికి ఎడంగా పల్లెని పెట్టినట్టు, వాక్యంలో మన మాటని ఎడంగా పెడుతున్నాం.

బోల్డ్‌కి పనుంది. పేరు, ఊరు, తేదీ గోడమీద దూరం నుంచే కనబడాలి. వచ్చే ఆగస్టు 6కి కరపత్రం వేసేవాళ్లు అమరుల పేర్లని లావుగా, నిటారుగా వేయండి. మన మాటల్ని మామూలు అక్షరాల్లో, మిగతా మాటల పక్కనే కూర్చోబెట్టండి. అర్థం తెలియని పాఠకుడు అడిగి తెలుసుకుంటాడు. ఇన్నాళ్లూ వాళ్ల మాటల్ని మనం అట్లాగే నేర్చుకున్నాం.